ఫాలో అప్‌లో ఉండాది

ఆ రోజు మా మండలం కరెంటాఫీసు వరండాలో ఉన్నవారు, ఉన్నవి: ఏఈ సారు ఒకరు, కొత్తగా వచ్చినవాడు, వయసులో నాకన్నా చిన్న. లైన్‌మ్యాన్లు ముగ్గురు. వాచ్‌మన్ వన్నూరప్ప. తమ పని మీద వచ్చి, ఈ కార్యక్రమం అయ్యేదాకా అది కాదని తెలుసుకుని, చప్పట్లు కొట్టడానికి ఒప్పుకున్న రైతులు ఏడుగురు. శాలువా ఒకటి. బంతిపూల దండ ఒకటి. కారం బొరుగుల పొట్లాలు ఒక బుట్టెడు. టేకు స్టూలు ఒకటి, ఒక కాలి కింద మడిచిన అట్టముక్కతో. ఆ స్టూలు మీద మా చిన్నాయన ఓబులేసు, అంటే మా నాయనకు తమ్ముడు. సందర్భం ఆయన పదవీ విరమణ. ఇందులో ఒక చిన్న ఇబ్బంది ఉంది. మా చిన్నాయన ఆ ఆఫీసులో ఏనాడూ ఉద్యోగి కాడు.

ఆఫీసు కొత్త భవనంలోకి మారుతోంది. కొత్త భవనంలో వరండా లేదు. వరండా లేనిచోట స్టూలుకు చోటు లేదు, స్టూలు లేనిచోట చిన్నాయనకు చోటు లేదు. అందుకని ఎవరో దయగల మనిషి ఈ సన్మానం ఏర్పాటు చేశాడు. ఏఈ సారు ఓబులేసు గారి సేవలు మరువలేనివన్నాడు. అవి ఏ సేవలో ఆయనకు తెలియదు, చెప్పగలిగినవాళ్లు ఆ వరండాలో ఎవరూ లేరు. నేను బెంగళూరు నుంచి సెలవు పెట్టుకుని వచ్చి గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. సరిగ్గా దండ వేస్తున్నప్పుడు నా ఫోన్‌లో మా మేనేజరు మెయిల్ వచ్చిపడింది. నిన్న పంపిన మెయిల్‌కు ఫాలో అప్ అట. నిన్నటిది మొన్నటిదానికి ఫాలో అప్. ఫోన్ జేబులో పెట్టుకుని తలెత్తితే ఎదురుగా స్టూలు మీద చిన్నాయన. ఈ మాటకు అర్థం నేను నేర్చుకున్నది ఆయన దగ్గరే.

పుస్తకంలోని అర్థం మాత్రం కళ్యాణదుర్గంలో నేర్చుకున్నాను. పాలిటెక్నిక్ మొదటి ఏడాది అయిన ఎండాకాలం, నాయన నన్ను అక్కడ స్పోకెన్ ఇంగ్లీషులో చేర్పించాడు. ఎరువుల అంగడి మీది గది అది. మెట్లెక్కుతుంటే యూరియా, పురుగుమందు కలిసిన ఘాటు ముక్కుకు తగిలేది. ఆ వాసన ఎక్కడ తగిలినా నాకు ఈరోజుకీ ఇంగ్లీషు క్రియలే గుర్తొస్తాయి. మాస్టారు బోర్డు మీద రెండు గీతలు గీసి ఒకవైపు మాట, ఒకవైపు అర్థం రాసేవాడు. గివ్ అప్ అంటే వదులుకోవడం. పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం. లుక్ ఆఫ్టర్ అంటే బాగోగులు చూసుకోవడం. ఫాలో అప్ అంటే మొదలుపెట్టిన పని మధ్యలో ఆగిపోకుండా వెంటపడి పూర్తి చేయించడం. ఒక్కొక్కరం ఒక వాక్యం చెప్పాలి. నా వంతు వచ్చినప్పుడు మా చిన్నాయన రోజూ ఫాలో అప్ చేస్తాడు అన్నాను. దేన్ని చేస్తాడని అడిగాడు మాస్టారు. అన్నిటినీ అన్నాను. అలా ఉండదు, ఒక పని ఉండాలి, అది ఎప్పుడో ఒకప్పుడు అయిపోవాలి, అయిపోయాక ఫాలో అప్ కూడా అయిపోవాలి అన్నాడు. పాపం ఆయన నెల్లూరు నుంచి వచ్చినవాడు. మా మండలం చూడలేదు.

మా మండలంలో ఆ మాట వాడే తీరు వేరు. ఫలానా పని కాలేదు అని చెప్పడానికి మొహమాటపడిన ప్రతిచోటా ఫాలో అప్‌లో ఉండాది అంటారు. పింఛను రాని ముసలమ్మకు సచివాలయంలో అదే చెబుతారు. ఆస్పత్రిలో డాక్టరు ఫాలో అప్‌కు రమ్మన్నాడంటే, మందు పనిచేసిందో లేదో ఆయనకూ తెలియదని అర్థం. పెళ్లిళ్ల పేరయ్య ఒక సంబంధం ఫాలో అప్‌లో ఉందన్నాడంటే అవతలివాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారని అర్థం. మా పక్కింటి మరియమ్మ బాప్తిస్మం తీసుకున్నాక పాస్టరు గారు వారం వారం ఫాలో అప్‌కు వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా కోడికూర వండాల్సి రావడంతో, ఆ మాటకు ఆమె దృష్టిలో అర్థం కోడి. ఇన్ని అర్థాల మధ్య మా చిన్నాయన ఒక్కడే ఆ మాటను ఒక వృత్తిగా తీసుకున్నాడు.

ఆయన పొద్దు మా ఇంట్లో అందరికన్నా పద్ధతిగా మొదలయ్యేది. ఆ రోజుల్లో మా ఇంటి వాసనలు మూడు: రాత్రి పులిసిన రాగి అంబలి, తోట వైపు నుంచి మేము చీనీ అనే బత్తాయి పూత, ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్. మూడోదాన్ని చిన్నాయన కరెంటాఫీసు నుంచి సీసాలో తెచ్చేవాడు, అవ్వ మోకాళ్లకు రాసుకునేది. చదువుకున్నవాడిని కనుక అది చర్మానికి మంచిది కాదని చెప్పాను. కరెంటును మోసే నూనె నా మోకాళ్లను మోయదా అంది అవ్వ. దాని పని కరెంటును మోయడం కాదు, బయటికి పోకుండా అడ్డుకుని, వేడిని చల్లార్చడమని వివరంగా చెప్పాను. ఇంకా మంచిది, నాకు కావల్సింది అదే అంది. అవ్వ కాళ్లు చాపుకుని నూనె రాసుకుంటుంటే, ఆ పక్కనే చిన్నాయన అద్దం ముందు నిలబడి తల దువ్వుకునేవాడు. తెల్లచొక్కా, జేబులో పెన్ను, భుజం మీద తువ్వాలు, చేతిలో ప్లాస్టిక్ కవరు. ఆ పెన్నుతో ఆయన రాయగా నేను చూడలేదు. కవరులో ఊళ్లోవాళ్ల అర్జీలు, రెండు రొట్టెలు, నంజుకోవడానికి ఊరిమిండి ఉండేవి. ఎనిమిది గంటల బస్సుకు పోయి, సాయంత్రం బస్సుకు వచ్చేవాడు. పొలంలో ఆయన వంతు పని నాయన చేసేవాడు. తమ్ముడు ఆఫీసుల చుట్టూ తిరగగలడని నాయనకు గర్వం. తాను ఆఫీసు మెట్ల దగ్గరే చెప్పులు విడిచే మనిషి.

ఒకసారి చిన్నాయన తన పద్ధతిని నాకు నేర్పించాడు, వారసుడు ఉండాలన్నట్లు. మొదటిది, ఎప్పుడూ నోరు తెరిచి అడగకూడదు. అడిగితే లేదంటారు, లేదన్నాక ఆ పని చచ్చినట్లే. రెండోది, సారు తలెత్తితే చూపు ఎక్కడ పడుతుందో కనిపెట్టి అక్కడ కూర్చోవాలి. మూడోది, సారు లేస్తే లేవాలి, సారు నవ్వితే అరక్షణం ఆగి నవ్వాలి. నాలుగోది, రోజుకింత చొప్పున తలుపు దగ్గరికి జరగాలి, జరిగినట్లు ఎవరికీ తెలియకూడదు. ఇలా చేస్తూ పోతే ఒకనాటికి సారే విసిగిపోయి, ఏమప్పా నీ పని అని అడుగుతాడు. ఫాలో అప్ అంటే అదే.

ఆ పద్ధతి పని చేసిందనే చెప్పాలి. మొదట్లో కొందరి మీటర్లు, రెండు స్తంభాలు, ఒకరి పేరు మార్పు నిజంగానే అయ్యాయి. దాంతో చుట్టుపక్కల నాలుగు పల్లెల అర్జీలు చిన్నాయన కవరులోకి వచ్చాయి. ఆయన బెంచీ మీద నుంచి మెట్ల దగ్గరికి, అక్కడి నుంచి తలుపు పక్కకు జరిగాడు. తలుపు పక్కన కూర్చోవడానికి వన్నూరప్ప స్టూలు వేశాడు. స్టూలు మీద కూర్చున్నవాడిని టీ తెమ్మన్నారు, తెచ్చాడు. ఫలానా లైన్‌మ్యాన్‌ను పిలుచుకు రమ్మన్నారు, పిలుచుకొచ్చాడు. లోపలికి ఎవరినీ రానివ్వొద్దన్నారు, రానివ్వలేదు. ఆయనకు తెలియకుండానే ఆయన తలుపుకు అవతలివైపు మనిషయ్యాడు. ఇంట్లో ఈ సంగతిని మొదట కనిపెట్టింది అమ్మ. చిన్నాయన రోజూ తీసుకుపోయే అర్జీలు పలచబడుతున్నాయనీ, మర్యాద మాత్రం పెరుగుతోందనీ, మరిది అన్నం తినేటప్పుడు కూడా కాలు మీద కాలు వేసుకుంటున్నాడనీ అంది.

నేను స్పోకెన్ ఇంగ్లీషుకు పోతున్న ఆ ఎండాకాలంలోనే మా పొలం దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. పట్టపగలు ఢామ్మని శబ్దం, నల్లటి పొగ, ఆ తర్వాత తోటంతా అవ్వ మోకాళ్ల వాసన. మా మోటరు, ఇంకో ఇద్దరు రైతుల మోటర్లు దాని మీదే ఆడేవి. నాయనకు ఆ తోట ఏమిటో చెప్పాలి. రెండు బోర్లు ఎండిపోయాక, మూడోదాంట్లో రెండించుల నీళ్లు పడితే రెండు వందల పది చీనీ చెట్లు వేశాడు. అవి ఐదో ఏట ఉన్నాయి, మొదటిసారి చెప్పుకోదగ్గ కాపు పట్టాయి. వేరుశనక్కాయలతో ఏడాదికోసారి జూదమాడి ఓడిపోయే మా ఇంటికి నిలదొక్కుకునే దారి అదొక్కటే. నాయన పొద్దున్నే పోయి ప్రతి చెట్టు కాండం మీదా చెయ్యి వేసి వచ్చేవాడు, బడిలో మాస్టారు హాజరు వేసినట్టు. ఆ ఎండల్లో చీనీ చెట్టు నీళ్లు లేకుండా ఎన్నాళ్లో ఆగదు. మొదట కాయ రాలుస్తుంది, తర్వాత ఆకు ముడుస్తుంది, తర్వాత కొమ్మ చివర్ల నుంచి ఎండుతూ కిందికి దిగుతుంది.

లైన్‌మ్యాన్ వచ్చి చూసి, కాలిందని రాసుకుపోయాడు. కాలిందని మాకూ తెలుసు. వేరేది ఇవ్వాలంటే ఏఈ సారు మాట కావాలి. సాయంత్రం బస్సు దిగిన చిన్నాయనను నాయన అడిగాడు. చిన్నాయన కాళ్లు కడుక్కుంటూ తాపీగా చెప్పాడు.

"మనింటి పని యాడికి పోతాదన్నా. ఫాలో అప్‌లో ఉండాది."

నాయన నమ్మాడు. ఆ మాట మీద మిగతా ఇద్దరు రైతులు కూడా నమ్మారు. పక్క ఊరి బోరు నుంచి అడిగి తెచ్చుకున్న నీళ్లను ఎద్దుల బండి మీద డ్రమ్ములతో తోలి, బిందెలతో పాదుల్లో పోశాం. నేను కళ్యాణదుర్గం మానేశాను, క్రియలు ఫాలో అప్ దగ్గర ఆగిపోయాయి. నీళ్లు ఎంత తోలినా తోటకంతా చాలేవి కావు. నాయన బోరు వైపు సాళ్ల నుంచి మొదలుపెట్టేవాడు. పడమటి వైపు గరుసు నేల సాళ్ల దగ్గరికి వచ్చేసరికి డ్రమ్ములు అయిపోయేవి. ఆ సాళ్లను ఆయన చూడకుండా తల దించుకుని ఇంటికొచ్చేవాడు. చిన్నాయన మాత్రం రోజూ తెల్లచొక్కాతో ఎనిమిది గంటల బస్సెక్కేవాడు, రోజూ సాయంత్రం అదే మాట మోసుకొచ్చేవాడు. అమ్మ ఒకనాడు ఆయన కంచంలో సంగటి ముద్ద వేయకుండా, అది కూడా ఫాలో అప్‌లో ఉందని చెప్పి లోపలికి పోయింది. అవ్వ లేచి వేసింది.

పడమటి సాళ్లలో కొమ్మలు ఎండడం మొదలయ్యాక, నాయన తానే ఆఫీసుకు బయల్దేరాడు. నేనూ వెంట పోయాను. మెట్ల దగ్గర నాయన చెప్పులు విడిచాడు. తలుపు పక్కన స్టూలు మీద చిన్నాయన టీ గ్లాసులు వరసగా సర్దుకుంటున్నాడు. ఎవరో మనిషి నీడ పడింది కనుక తలెత్తకుండానే అన్నాడు.

"సారు మీటింగులో ఉండాడు. రేపు రాప్పా."

నాయన కదల్లేదు. చిన్నాయన తలెత్తాడు. అన్నను చూశాడు. ఇప్పుడు నాలుక కరుచుకుంటాడని నేను అనుకున్నాను.

"నువ్వాన్నా? నువ్వైనా రేపే రావల్ల. మాయన్న అని ముందర పంపిస్తే, రేప్పొద్దున ఈడ నా మాటకు ఏం ఇలవ ఉంటాది?"

నాయన వెనక్కి తిరిగాడు. మెట్లు దిగి, చెప్పులు వేసుకుని, బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఊరొచ్చేదాకా బయటికి చూస్తూనే ఉన్నాడు. ఇంటికొచ్చాక అమ్మ ఏమైందని అడిగితే, మా ఓబులేసుకు ఉద్యోగం వచ్చినట్లుండాది అన్నాడు. అందులో వెటకారం ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. నాయన వెటకారం చేసే మనిషి కాదు. అమ్మ మాత్రం ఆ రాత్రంతా ఒక్క మాట కూడా మాట్లాడలేదు, మా ఇంట్లో అంతకన్నా పెద్ద హెచ్చరిక లేదు.

తెల్లారి చిన్నాయన బస్సెక్కిన తర్వాత, అమ్మ ఆ ఇద్దరు రైతుల ఇళ్లకు పోయింది. ఒకరి ట్రాక్టరు వచ్చింది. మా వైపు కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను రైతులే దింపుకుని రిపేరు షెడ్డుకు తోలుకుపోవడం మామూలే. లైన్ ఆపించి, చైన్ పుల్లీ కట్టి, ఏడుగురం కలిసి దింపాం. అయితే అమ్మ దాన్ని షెడ్డుకు పోనివ్వలేదు. నేరుగా కరెంటాఫీసుకు తోలించి, గేటు మధ్యలో, సరిగ్గా ఏఈ సారు జీపు బయటికొచ్చే చోట దింపించింది. నూనె కారి మట్టిలో మడుగు కట్టింది. అమ్మ దాని పక్కన కొంగు నడుముకు చెక్కుకుని కూర్చుంది. నాయన గేటు బయటే నిలబడ్డాడు, చెప్పులు విడవకుండానే.

చిన్నాయన స్టూలు మీద నుంచి లేచి పరిగెత్తుకొచ్చాడు. ఆఫీసు గౌరవం ఆయన ముఖంలో ఉంది.

"ఈడ పెడ్తే ఎట్ల వదినా? సారు జీపు పోవల్ల."

"పోవల్లంటే ఫాలో అప్ చెయ్యప్పా," అంది అమ్మ. "మేము ఈడనే ఉంటాం. రేపు రా."

లోపలి నుంచి అప్పటి ఏఈ సారు వచ్చాడు. లావుపాటి, నెమ్మదైన మనిషి, మాది కాని జిల్లా. మడుగును, అమ్మను, తన జీపును వరసగా చూసి, ఇది ఎవరిదని అడిగాడు. చిన్నాయన తువ్వాలు భుజం మీద నుంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మాదే సార్," అన్నాడు.

"మీదా? నీకు తోటుందా ఓబులేసూ?"

"ఉండాది సార్. చీనీ తోట. మాయన్నది, నాది."

"రోజూ నా ఎదురుగానే ఉంటావు కదయ్యా. ఒక్కసారైనా చెప్పలేదేం?"

"దినామూ కంటికి కనపడ్తానే ఉండా కదా సార్. మీరే అడుగుతారనుకున్యా."

ఏఈ సారు ఎగతాళి లేకుండా, నిజంగానే ఆశ్చర్యపోతూ అన్నాడు: "నేను నిన్ను మా డిపార్టుమెంటు మనిషివనుకున్నాను."

చిన్నాయన ముఖంలో అప్పుడు కనిపించినదానికి నేను మాస్టారి బోర్డు మీద ఏ క్రియా చూడలేదు. అవమానం కొంత ఉంది. దానికన్నా ఎక్కువ సంతోషం ఉంది. అమ్మ తల తిప్పుకుంది.

జీపు పోవాలి కనుక ఫోన్లు తిరిగాయి. ఆ సాయంత్రానికే షెడ్డులో బాగుచేసి పెట్టిన ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ అదే ట్రాక్టరు మీద మా పొలానికి వచ్చింది. మోటరు ఆడింది. తడిసిన ఎర్రమట్టి వాసన తోటంతా లేచింది, నాయన పాదుల వెంట నడుస్తూ ఒక్కో చెట్టు మీద చెయ్యి వేస్తూ పోయి, పడమటి సాళ్ల దగ్గర ఆగిపోయాడు. మరునాడు ఊళ్లో కథ ఇంకో రకంగా నడిచింది. వారాల తరబడి రాని ట్రాన్స్‌ఫార్మర్ ఒక్క పూటలో వచ్చిందంటే ఓబులేసు ఫాలో అప్ ఎట్లాంటిదో చూడండి అన్నారు. ఎనిమిది గంటల బస్సుకు ఆయన కవరు మునుపటికన్నా లావుగా ఉంది. అమ్మ ఎవరికీ ఏమీ చెప్పబోలేదు. మట్టి, నూనె మరకలున్న ఆ చీరను మాత్రం చిన్నాయన పోయే దారిలోనే ఆరేసేది.

ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఫోన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. నంబరు ఒకటి వస్తుంది. ఆ తర్వాత, మీ సమస్య పరిష్కరించబడింది అని ఇంకో సందేశం వస్తుంది, సాధారణంగా లైన్‌మ్యాన్ కన్నా ముందు. దీన్ని ప్రగతి అంటారు, నేను కాదనను. ఇంతకుముందు మా చిన్నాయన బస్సుచార్జీ పెట్టుకుని మోసుకొచ్చిన అబద్ధం ఇప్పుడు ఉచితంగా వస్తోంది. నేను బెంగళూరులో గాజు అద్దాల గదిలో కూర్చుని చేసేదీ అదే. పొద్దున మెయిల్ పంపుతాను, సాయంత్రం దానికి ఫాలో అప్ పంపుతాను, అవతలివాడు తన పైవాడికి ఫాలో అప్ పంపానని నాకు రాస్తాడు. ఎవరం ఎవరినీ నోరు తెరిచి అడగం. అందరం అందరి కంటికీ కనబడుతూ ఉంటాం. చిన్నాయన నాలుగు సూత్రాల్లో ఒక్కటి కూడా మా కంపెనీలో వృథా కాలేదు.

సన్మానం అయ్యాక ఏఈ సారు ఆ స్టూలును చిన్నాయనకే ఇచ్చేశాడు. దాన్ని బండి వెనక కట్టుకుని ఆయనను ఊరికి తీసుకొస్తుంటే, శాలువా గాలికి ఎగరకుండా పట్టుకుని ఆయన నా ఉద్యోగం గురించి అడిగాడు. ఇన్నేళ్లలో ఎన్నడూ అడగలేదు. ఏం చేస్తావురా ఆడ అన్నాడు. ఫాలో అప్ చేస్తా చిన్నాయనా అన్నాను. కొంతదూరం పోయాక మళ్లీ అడిగాడు.

"కూచునేకి కుర్చీ ఇచ్చినారా?"

ఇచ్చారన్నాను. అయితే నీకేమిరా అన్నాడు.

ఇంటి దగ్గర ఆపబోతే తోటకు పోనీ అన్నాడు. నాయన అక్కడే ఉన్నాడు, పాదులు తవ్వుతున్నాడు. చిన్నాయన స్టూలు విప్పుకుని, తానే మోసుకుంటూ పడమటి సాళ్ల వైపు నడిచాడు. చెట్లు ఎండిపోయిన ఆ గరుసు నేలలో నాయన మళ్లీ మొక్కలు వేయలేదు. చెట్లుండాల్సిన చోట పాదుల గుంతలు మాత్రం ఇంకా వరసగా ఉన్నాయి. వాటి మధ్య స్టూలు వేసి, కాలి కింద అట్టముక్క సరిచూసుకుని, నాయనకు ఎదురుగా, ఆయన తలెత్తితే కనబడేలా కూర్చున్నాడు. నాయన తలెత్తలేదు. పార ఆపకుండా, ఏమప్పా నీ పని అని మాత్రం అడిగాడు. చిన్నాయన శాలువా మడిచి ఒళ్లో పెట్టుకుని, ఏమీ లేదన్నా, ఊరికే వచ్చినా అన్నాడు.

నేను అలవాటు కొద్దీ బోరు దగ్గరి నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చాను. వేసిన రెండు వందల పదిలో, తోటలో ఉన్న చీనీ చెట్లు నూట నలభై ఆరు.